పద్నాలుగో రోలులోనూ చారలు పోలేదు

నిన్న రాత్రి పదకొండు గంటలకు పద్నాలుగో ఫిలిం రోలును, బొమ్మను స్థిరపరిచే ఫిక్సర్‌లోంచి తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకొని చూసినప్పుడు, ఈసారికి గండం గడిచిందనే అనుకున్నాను. ఉదయానికి ఆరిన నెగెటివ్‌లను స్కాన్ చేసి వరుసగా చూస్తూ పోతే ముప్పయ్యో ఫ్రేము వరకు ఆకాశం నిజంగానే శుభ్రంగా ఉంది. ముప్పయ్యొకటో ఫ్రేము తెరమీదికి వచ్చేసరికి, పై అంచు నుంచి కిందికి దువ్వెన పళ్లలా దిగిన అవే తెల్లటి చారలు మళ్లీ కనిపించాయి. తొమ్మిదో రోలు నుంచి నన్ను వేధిస్తున్న చారలు ఇవే.

ఇవి ఇంతగా ఎందుకు బాధిస్తున్నాయో చెప్పాలంటే నేను తీస్తున్న బొమ్మల సంగతి కొంత చెప్పాలి. ధనుర్మాసం మొదలైన దగ్గర నుంచి పుష్యమాసం ముగిసేదాకా మా వైపు పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి, స్టూడియోలో రెండో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసే నాకు చేతిలో పని ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే గౌతమి మీద మంచు దట్టంగా పడుతుంది. కోటిపల్లి రేవులో తెల్లవారుజామున ఐదున్నరకు నిలబడితే, ముక్తేశ్వరం వైపు నుంచి జనాన్ని నది దాటిస్తూ వచ్చే పంటు చప్పుడు ముందుగా వినిపించి, చాలాసేపటికి గాని దాని ఆకారం కనిపించదు. ఫ్రేములో మూడు వంతులు ఏమీ లేని బూడిదరంగు, ఒక మూలన పంటు, లేదా ఒక గెడ, లేదా లంకలోని రెండు కొబ్బరిచెట్ల నీడ: రెండేళ్లుగా నేను తీయాలని ప్రయత్నిస్తున్న బొమ్మ ఇదే. పంటు సరంగు ఒకసారి నా ఫోనులో ఈ బొమ్మలు చూసి, "ఇందులో ఏముందండీ బాబూ, అంతా తెల్లగానే ఉందండి, ఆయ్" అన్నాడు. ఆ తెలుపే నాకు కావలసింది.

పెళ్లి ఫొటోలో పందిరి, పూలు, పట్టుచీరలు, జనం ఉంటారు గనుక అంచున చార ఉన్నా ఎవరి కంటా పడదు. ఏమీ లేని చోటనే అది బట్టబయలవుతుంది. పైగా మంచులో తీసిన నెగెటివ్‌లో వెలుగునీడల తేడా చాలా తక్కువ కాబట్టి ప్రింటుకు ముందు కాంట్రాస్టు పెంచక తప్పదు. నా స్కాన్‌లలో నలుపుకు 0, తెలుపుకు 255 అనే కొలతలో నది, ఆకాశం అన్నీ కలిపి 90 నుంచి 170 లోపే ఉంటున్నాయి. దాన్ని 40 నుంచి 230 వరకు సాగదీస్తే ప్రతి తేడా దాదాపు 2.4 రెట్లు అవుతుంది. తొమ్మిదో రోలులో చారకూ పక్కనున్న ఆకాశానికీ తేడా 15 ఉండగా, సాగదీసిన తర్వాత అది 36కు చేరింది.

అసలు తొందర మరొకటి ఉంది. దిండి దగ్గర ఒక అతిథిగృహం వారు మూడు ప్రింట్లు అడిగారు. పెళ్లిళ్లతో సంబంధం లేకుండా నా బొమ్మలకు వచ్చిన మొదటి ఆర్డరు అది. వారికి 30 అంగుళాల వెడల్పు కావాలి. 36 మి.మీ. వెడల్పున్న నెగెటివ్‌ను అంత పెద్దది చేస్తే 21 రెట్లు పెరుగుతుంది గనుక, నెగెటివ్ మీద 5 మి.మీ. ఉన్న చార గోడమీద నాలుగు అంగుళాల పైనే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో చెరిపి చూశాను; చార పోయింది గాని అక్కడి గ్రెయిన్, అంటే ఫిలిం సహజమైన రేణువుల గరుకు కూడా పోయి, చొక్కాకు వేసిన మాసికలా తయారైంది. ఆకాశాన్ని మొత్తంగా మార్చేసే కొత్త సాఫ్ట్‌వేర్‌ల మీద నాకు ఏ గౌరవమూ లేదు. ఆకాశం మార్చుకునేవాడు డిసెంబరులో రేవుకు వెళ్లి వణకనక్కరలేదు.

మొదటి అనుమానం కెమెరా మీదికి వెళ్లింది. నాది పాత నికాన్ ఎఫ్‌ఎమ్‌2. బ్యాటరీ లేకపోయినా షట్టరు పనిచేసే కెమెరా కాబట్టి మంచులో దీనిమీద ఉన్న నమ్మకం నా డిజిటల్ కెమెరా మీద లేదు; కాని వెలుగు చొరకుండా వెనుక తలుపు చుట్టూ ఉండే స్పాంజి మాత్రం ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. పదో రోలుకు తలుపు అంచులన్నిటికీ నల్ల టేపు అంటించి తీశాను. చారలు ఏమాత్రం తగ్గలేదు. తర్వాత స్కానింగ్‌ను అనుమానించి, నెగెటివ్‌ను తలకిందులుగా పెట్టి మళ్లీ స్కాన్ చేస్తే చారలూ దానితోపాటే తిరిగాయి కాబట్టి నెగెటివ్ వెనుక వెలిగే లైట్‌ప్యానెల్ తప్పు లేదని తేలింది. అప్పుడు భూతద్దం కింద స్కేలు పెట్టి కొలిచాను. మొదటి చార నుంచి ఐదో చారకు సరిగ్గా 19 మి.మీ. ఉంది. అంటే చారకూ చారకూ మధ్య 4.75 మి.మీ., 35 ఎం.ఎం. ఫిలిం అంచున ఉండే రంధ్రాల మధ్య దూరం అదే. ప్రతి చారా ఒక రంధ్రం ఎదురుగానే మొదలవుతోంది. దోషం కెమెరాలో లేదు, నా ట్యాంకులో, అంటే రీలుకు చుట్టిన ఫిలింను డెవలప్ చేసే డబ్బాలో ఉంది.

ట్యాంకును ఊపినప్పుడల్లా బొమ్మను బయటికి తెచ్చే మందు, డెవలపర్, ఆ రంధ్రాల గుండా వేగంగా చిమ్ముకొని వస్తుంది. ఆ దారిలో ఉన్న ఫిలిం పూత, అంటే ఎమల్షన్‌కు ఎప్పటికప్పుడు తాజా మందు అందుతుంది కాబట్టి అక్కడ డెవలప్‌మెంట్ ఎక్కువై నెగెటివ్ నల్లబడుతుంది, ప్రింటులో తెల్లబడుతుంది. ఇంతవరకు స్పష్టమే. అయితే అందరూ ఊపుతారు, అందరికీ ఈ చారలు రావు. నాకే ఎందుకు వస్తున్నాయన్నది ప్రశ్న.

నాకు తోచిన కారణాలు మూడు. ఒకటి, నేను ఊపే తీరు. మొదటి ముప్పై సెకన్లు ఆపకుండా, తర్వాత ప్రతి అర నిమిషానికి ఐదు సెకన్లు, అదీ గట్టిగా ఊపేవాణ్ని. మా స్టూడియో యజమాని ఊటీలో తయారైన ఇందు ఫిలింతో పని నేర్చుకున్న తరం మనిషి. ఒకరోజు నా చేతులు చూసి, "ఒరేయ్ అబ్బాయ్, అది మజ్జిగ చిలకడం కాదురా" అన్నారు. రెండు, ట్యాంకు. నాది రెండు రీళ్లు పట్టే పాటర్సన్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు, రీలు పైకి జారకుండా మధ్య గొట్టానికి తొడిగే క్లిప్పు రాలేదు. ఒక్క రీలు వేసి 300 మి.లీ. మందు పోస్తే, తలకిందులు చేసినప్పుడల్లా రీలు పైకి జారి ఒక అంచు మందులోంచి బయటపడే అవకాశం ఉంది. చారలు రెండు అంచులా ఉన్నా పై అంచున ఎక్కువగా ఉండడానికి ఇదే కారణం కావచ్చు. మూడు, వేడి. మా బోరు నీరు డిసెంబరులో కూడా 27.5 డిగ్రీలకు తగ్గదు. ఇల్‌ఫర్డ్ ఐడీ-11 డెవలపర్‌ను ఒకటికి ఒకటి నీళ్లతో కలిపి నా ఫిలిం హెచ్‌పీ5 ప్లస్‌కు వాడితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు; 27 దాటితే ఏడు నిమిషాల లోపే ముగించాలి. మొత్తం సమయం తగ్గేకొద్దీ మొదటి ముప్పై సెకన్లలో చేసిన తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు.

పదకొండో రోలులో ఒక తెలివితక్కువ పని చేశాను. రీలు జారకుండా సైకిలు ట్యూబు ముక్కను రింగులా కోసి గొట్టానికి తొడగడంతోపాటు, చేపల మార్కెట్టు నుంచి ఐసు తెచ్చి టబ్బులో వేసి మందును 20 డిగ్రీలకు దించాను. చారల తేడా 15 నుంచి 10కి తగ్గింది. రెండూ ఒకేసారి మార్చినందువల్ల ఏది పనిచేసిందో తేలలేదు. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ పడే రోలు పోయింది, తెలుసుకున్నదేమీ లేదు.

అందుకే పన్నెండో రోలును మంచుకు కాకుండా మా ఇంటి వెనుక సున్నం గోడకు అంకితం చేశాను. ఎండ పడని వేళ, లెన్సును అనంతానికి తిప్పి గోడ గరుకు కనిపించకుండా చేసి, ముప్పయ్యారు ఫ్రేములూ ఒకే ఎక్స్‌పోజర్‌తో తీశాను. పరీక్షకు హెచ్‌పీ5 దండగ అనిపించి కెంట్‌మియర్ 400 వాడాను. రెండూ హార్మన్ కంపెనీ వారి ఫిలింలే, కెంట్‌మియర్ చవక. వెలుగు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టి, ముందుగా 45 సెం.మీ. కోసి ఉంచుకున్న అట్టముక్కతో కొలుస్తూ ఫిలింను మూడు ముక్కలు చేశాను. అంత పొడవులో దాదాపు పన్నెండు ఫ్రేములు పడతాయి. మూడింటికీ ఒకే ఉష్ణోగ్రత, ఒకే సమయం, ప్రతిసారీ తాజా మందు, సైకిలు ట్యూబు రింగు అలాగే ఉంది. మొదటి ముక్కను నా పాత పద్ధతిలో గట్టిగా ఊపాను. తేడా 11 వచ్చింది. రెండో ముక్కను ఇల్‌ఫర్డ్ వారు చెప్పినట్టు మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు, గిన్నెలోని పాలు తొణకనంత నెమ్మదిగా తిప్పాను. తేడా 5. మూడోదాన్ని మొదట ఒకసారి, మధ్యలో ఒకసారి తిప్పి వదిలేస్తే తెల్లచారలు పూర్తిగా పోయాయి గాని, వాటికి బదులు అంచుల వెంట మసక నీడలు దిగాయి. కదలిక లేని చోట డెవలప్‌మెంట్‌లో పుట్టిన బ్రోమైడ్ అక్కడే నిలిచిపోయి ఆ భాగాన్ని మందగింపజేయడం వల్ల వచ్చే దోషం ఇది. గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతిని అమృతంలా పొగిడేవాళ్లు మంచును ఎన్నడూ ఫొటో తీసి ఉండరని నా అభిప్రాయం.

పదమూడో రోలు: ఆరిన తర్వాత మిగిలే నీటి మరకలు పోయాయి. చివరి కడుగుకు బోరు నీటి బదులు తాగే నీళ్ల క్యాన్ వాడడమే కారణం.

నిన్నటి పద్నాలుగో రోలుకు తెలిసినవన్నీ కలిపాను. 20 డిగ్రీలు, 13 నిమిషాలు, నెమ్మదిగా నాలుగు తిప్పులు. రింగును నమ్మకుండా పైన ఖాళీ రీలు కూడా పెట్టి 600 మి.లీ. మందు పోశాను. ఒక్క రోలుకు అంత మందు ఖర్చు చేయడం మనసొప్పకపోయినా, రీలు కదిలే సందు లేకుండా పోయింది. ముప్పై ఫ్రేముల వరకు తేడా 2 మించలేదు. 31 నుంచి 36 వరకు మాత్రం 6.

ఈ ఆరింటిలోనే ఎందుకు? ఆరు ఫ్రేములంటే 228 మి.మీ. రీలు బయటి చుట్టును దారంతో కొలిస్తే అంతకంటే కొద్దిగా ఎక్కువ వచ్చింది. నేను ఫిలిం మొదటి కొసనే ముందుగా రీలులోకి ఎక్కిస్తాను కాబట్టి చివరి ఫ్రేములు బయటి చుట్టులో పడతాయి. తిప్పినప్పుడు ట్యాంకు గోడకూ రీలుకూ మధ్యనున్న సందులో మందు మిగతా చోట్లకంటే వేగంగా పారుతూ ఉండాలి. ఇది ఊహ మాత్రమే. రుజువు చేసుకోవడానికి పదిహేనో రోలును తిరగేసి, చివరి కొసను ముందుగా ఎక్కిస్తాను. చారలు ఒకటి నుంచి ఆరు ఫ్రేములకు మారితే తప్పు బయటి చుట్టుదే. మళ్లీ 31 నుంచి 36లోనే వస్తే ఇంతవరకు రాసినదాన్ని మొదటి నుంచి మళ్లీ ఆలోచించాలి. చుట్టుదే అయితే పరిష్కారం చాలా సులభం: చివరి ఆరు ఫ్రేములను రేవు దగ్గర టీకొట్టు మీద ఖర్చు చేయవచ్చు.

స్టీలు ట్యాంకు కొనమని ఇద్దరు మిత్రులు చెప్పారు. చెమట చేతులతో స్టీలు రీలులోకి ఫిలిం ఎక్కించడం ఎంత నరకమో కోనసీమ ఉక్కలో ఒకసారి ప్రయత్నించినవారికి తెలుస్తుంది. అది నా వల్ల కాదు. నా చూపు మరోవైపు ఉంది. ఇంతకంటే వెడల్పైన 120 రకం ఫిలింకు అంచున రంధ్రాలే ఉండవు. రంధ్రం లేనిచోట ఈ చార పుట్టే వీలే లేదు, చతురస్రపు ఫ్రేము కూడా ఖాళీ నదికి బాగా నప్పుతుందనిపిస్తోంది. పాటర్సన్ రీలును వెడల్పు చేసి దానికీ వాడుకోవచ్చు, 500 మి.లీ. మందు చాలు. రోలుకు పన్నెండు ఫ్రేములే వస్తాయి, అందువల్ల టీకొట్టుకు మిగలవు. ఆ ఫిలిం వాడే పాత యాషికా మ్యాట్ కెమెరా ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. లెన్సులో బూజు ఉందో లేదో చూడాలి, మన గాలి తేమకు బూజు లేని పాత లెన్సు దొరకడం అదృష్టమే. మాఘంలో మూడు పెళ్లిళ్లు ఒప్పుకొన్నాను. వాటి డబ్బు వస్తేగాని అది సాధ్యం కాదు.

ఈలోగా దిండి వారి మూడు ప్రింట్లకు పద్నాలుగో రోలులోంచి 8, 17 ఫ్రేములు ఖాయమయ్యాయి. మూడోదానికి 33వ ఫ్రేము అన్నిటికంటే బాగుంది: పంటు సగం మంచులో, సగం బయట, దాని అంచున ఒక సైకిలు. దాని పై అంచున ఎనిమిది చారలు ఉన్నాయి. దాన్ని పైనుంచి కోసి పొడవాటి పట్టీలా ఇస్తే ఒప్పుకుంటారేమో రేపు ఫోను చేసి అడుగుతాను. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మాత్రం డిజిటలే తీసుకువెళతాను. కౌశిక నది దాటి వచ్చే ప్రభల రంగులను నలుపు తెలుపులోకి దించే ధైర్యం ఇంకా రాలేదు. ఆ మర్నాడు తెల్లవారుజామున, మంచు ఉంటే, పదిహేనో రోలు.