ఆస్టర్లీలో పండుటాకులు, రామచిలుకలు

లండన్‌కి పడమర, హౌన్‌స్లో పక్కనే ఆస్టర్లీ పార్కు అనే పాత ఎస్టేటు ఉంది, మధ్యలో ఒక పెద్ద భవనం. లండన్ మెట్రో రైలు పికడిల్లీ లైన్‌లో అదే పేరున్న స్టేషన్‌లో దిగి నడిస్తే ఇరవై నిమిషాలు. 1949 నుంచి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. చుట్టూ ఉన్న పార్కులో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. భవనానికీ తోటకూ మాత్రం కావాలి. అక్టోబరు, నవంబరులో ఇలాంటి ఎస్టేట్లలో జరిగే గైడెడ్ వాక్‌లకు పిల్లల్ని తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకు ఫొటోలతో సరిపెట్టుకుంటాయి. కాస్త సిద్ధమై వెళ్తే ఆ రెండు గంటల్లో పిల్లలకు ఆదివారం తెలుగు క్లాసు కన్నా ఎక్కువ తెలుగు పడుతుంది, ఎందుకంటే మాట పక్కనే వస్తువు కూడా ఉంటుంది.

ముందు ఒక చిక్కు. ఆటమ్‌ని తెలుగులో ఏమనాలి? నిఘంటువు శరదృతువు అంటుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాలు కాబట్టి తేదీల లెక్క సరిపోతుంది. కానీ మన శరత్తు వెన్నెల కాలం. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అంటే ఇంగ్లండులో క్యాలెండరు శరత్తును చూపిస్తుంటే చెట్లు శిశిరాన్ని చూపిస్తాయి. ఐదారేళ్ల పిల్లలకు "ఆకురాలు కాలం" చాలు. పదేళ్లు దాటినవాళ్లకు ఈ తేడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఋతువుల పేర్లు ఒక నేల మీద పుట్టాయని వాళ్లకు అర్థమవుతుంది.

ఒక నడకకు ఐదు మాటలు మించొద్దు. ఆకుతోనే మొదలుపెట్టవచ్చు: చిగురు, లేతాకు, ముదురాకు, పండుటాకు, ఎండుటాకు. ఆకు వయసుకి ఇంగ్లిషులో ఇన్ని వాడుక మాటలు లేవు, అందుకే పిల్లలకు సరదాగా ఉంటుంది. నేల మీద ఏరిన ఆకుల్ని ఈ వరసలో పేర్చమంటే చిగురు దొరకదు. అది ఎప్పుడు దొరుకుతుందన్న ప్రశ్న వాళ్ల నోటి నుంచే వస్తుంది. ఆ తర్వాత క్రియలు: రాలింది, వాడింది, ఎండింది, పండింది. "లీఫ్ ఫెల్ అయింది" అని పిల్లవాడు అంటే తప్పని చెప్పకుండా, "ఆకు రాలింది, కాయ కూడా రాలింది" అని మన వాక్యంలో తిప్పి చెప్పడమే మేలు. ప్రతి మాటకూ సరిదిద్దితే మూడో మాటకు ఇంగ్లిషులోకి జారిపోతారు.

తాతయ్యలు, అమ్మమ్మలు ఊరి నుంచి వచ్చి ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. పడమటి లండన్ పార్కుల్లో ఆకుపచ్చ చిలుకలు గుంపులుగా ఎగురుతాయి. అవి మన రామచిలుకలే, జాతి కూడా అదే. పంజరాల నుంచి తప్పించుకున్నవీ, వదిలేసినవీ ఇక్కడ స్థిరపడ్డాయి. మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు పట్టీ ఉంటే మగది, లేకపోతే ఆడది లేదా పిల్ల. ఇది చెప్పడానికి తాతయ్యకు గైడు అక్కర్లేదు. సరస్సు పక్కన ఉన్న పెద్ద సీడార్ చెట్లకు ఆకు రాలదు. అవి మన హిమాలయ దేవదారుకు దగ్గరి బంధువులు.

ఇక కాయల సంగతి. ఇక్కడ పొరపాటు చేయకూడదు. చెస్ట్‌నట్ పేరుతో రెండు చెట్లున్నాయి. స్వీట్ చెస్ట్‌నట్ తినొచ్చు, హార్స్ చెస్ట్‌నట్ విషం. తినేదాని తొడుగు మీద సన్నటి ముళ్లు ఒత్తుగా, చేయి పెట్టలేనంతగా ఉంటాయి. లోపల రెండు మూడు కాయలుంటాయి, ఒక్కోదాని కొసన చిన్న కుచ్చు ఉంటుంది. ఆకు ఒంటరిగా, పొడవుగా, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. విషపుదాని తొడుగు మీద ముళ్లు పొట్టివి, దూరం దూరంగా ఉంటాయి. కాయ సాధారణంగా ఒక్కటే, గుండ్రంగా నిగనిగలాడుతుంది, కొసన కుచ్చు ఉండదు. ఆకు చేతివేళ్లలా ఐదు, ఏడు రేకులుగా విచ్చుకుని ఉంటుంది. ఈ రెండోదాన్నే పిల్లలు కాంకర్స్ ఆటకు, అంటే తాడుకు గుచ్చి ఒకరి కాయను ఇంకొకరు కొట్టే ఆటకు, ఏరతారు. పెద్దవాళ్లు దానికి బెజ్జం చేసి షూలేసు గుచ్చి ఇవ్వాలి. ఏరే ముందు గైడును అడగాలి. ఒప్పుకుంటే గుప్పెడు చాలు, సంచి తీయొద్దు. తినే రకాన్ని ఇంట్లో వేయించేటప్పుడు ఒక్కోదాని పెంకు మీద అడ్డంగా, నిలువుగా గాటు పెట్టి 200 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచాలి. గాటు మరిచిపోతే లోపలి ఆవిరికి దారి దొరక్క ఓవెన్‌లోనే పేలుతుంది. వేడిగా ఉన్నప్పుడే ఒలవాలి, చల్లారితే లోపలి పొర ఊడి రాదు.

పుట్టగొడుగుల్ని మాత్రం ఏరకండి. ఈ హెచ్చరిక మనవాళ్లకే ఎక్కువ అవసరం. ఇక్కడ ఓక్ చెట్ల కింద డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు అది ఆసియాలో తినే వరిగడ్డి పుట్టగొడుగులా కనిపిస్తుంది. "మా ఊళ్లో ఇవే తినేవాళ్లం" అనే అనుభవం ఇక్కడ ప్రాణం తీస్తుంది. ఉడికించినా విషం పోదు. వాంతులు, విరేచనాలు ఆరు గంటల తర్వాత గానీ మొదలవ్వవు, తర్వాత తగ్గినట్టే ఉంటుంది. ఆలోపు కాలేయం దెబ్బతింటుంది.

ఈ నడకలకు గైడుగా వచ్చేవారిలో చాలామంది వాలంటీర్లు, పదవీ విరమణ చేసినవాళ్లు. పదిన్నర అంటే పదిన్నరకే బయల్దేరతారు. డబ్బులు ఇవ్వబోవద్దు. అరవై దాటిన ఆయన్ని మీ అమ్మాయి పేరు పెట్టి పిలిస్తే మనకు చివుక్కుమంటుంది. అక్కడ అది అమర్యాద కాదు. అందరి ముందు సరిదిద్దకండి. "ఇక్కడ పేరు, మన ఇంట్లో తాతగారు" అని కారెక్కాక చెప్పొచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలు గంటకు మైలు కన్నా ఎక్కువ నడవరు. రెండు గంటల నడక అని రాసి ఉంటే సగంలో వెనక్కి వచ్చే దారి ముందే అడిగి పెట్టుకోండి.

భవనం కథ పిల్లలకు ఎలా చెప్పాలన్నది అసలు కష్టం. 1570లలో థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు ఇక్కడ ఇల్లు కట్టాడు. అప్పటి ఇటుక గుర్రపుశాల ఇప్పటికీ ఉంది. 1713లో చైల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబం చేతికి వచ్చింది. ఆ తరంలో సర్ రాబర్ట్ చైల్డ్ ఈస్టిండియా కంపెనీకి చైర్మన్‌గా పనిచేశాడు. కంపెనీని ఏలిన జోసయా చైల్డ్ వేరే మనిషి, వేరే కుటుంబం. మనవాళ్లు ఈ ఇద్దరినీ తరచూ కలిపేస్తుంటారు. 1761 నుంచి రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి ఈ ఇంటిని మార్చి కట్టాడు. ఆ పని నడుస్తుండగానే, 1766లో నిజాంతో ఒప్పందం ద్వారా శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు సర్కారులు కంపెనీకి వెళ్లాయి. ఈ డబ్బుతోనే ఆ గోడలు లేచాయని చెప్పకండి, అది నిరూపించలేం. రెండూ ఒకే దశాబ్దంలో జరిగాయని చెబితే పన్నెండేళ్ల పిల్ల మిగతాది తనే అడుగుతుంది.

చిన్నవాళ్లకు ఒప్పందాలు ఎక్కవు, వాళ్లకు బట్ట చాలు. 1611లోనే ఇంగ్లిషువాళ్లు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. మన అద్దకం బట్టలు ఇక్కడ ఎంతగా అమ్ముడయ్యాయంటే, సొంత నేతగాళ్ల గగ్గోలు తట్టుకోలేక 1700లో వాటి దిగుమతినీ, 1721లో వాడకాన్నీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టాలు చేసింది. కలంకారీ చున్నీ ఒకటి సంచిలో వేసుకెళ్లి, దాన్ని చూపిస్తూ చెబితే గుర్తుంటుంది. గైడు ఈ కథ ఎత్తకపోతే, "ఈ ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన వస్తువులు ఏవి?" అని పిల్లల చేత అడిగించండి. "అంతా మననుంచి దోచుకున్నదే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే స్కూల్లో ఎవరైనా ఒక ప్రశ్న అడగ్గానే పిల్ల దగ్గర జవాబు ఉండదు.

కార్తీక వనభోజనాలు నవంబరులో వస్తాయి కాబట్టి నడకతో కలుపుకోవచ్చు. కానీ గడియారం అక్టోబరు ఆఖరి ఆదివారం గంట వెనక్కి వెళ్తుంది. నవంబరు మధ్యలో సూర్యాస్తమయం నాలుగుంబావుకే. పన్నెండుకల్లా విస్తరాకులు వేయాలి. దీపాలు, పొయ్యిలు వెలిగించొద్దు. ఉసిరి చెట్టు ఉండదు. ఇండియన్ షాపులో ఫ్రోజెన్ ఉసిరికాయలు దొరికితే చారులో వేయండి. ఎనిమిది డిగ్రీల చలిలో దద్దోజనం ఎవరూ తినరు. పులిహోర పర్వాలేదు. చారు ఫ్లాస్కులో పోసే ముందు ఐదు నిమిషాలు మరిగే నీళ్లు పోసి ఉంచి పారబోస్తే మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతుంది.

జీన్సు వద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరవు. పొడవు సాక్సుల్లో ప్యాంటు దోపి వెల్లీస్, అంటే మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, వేయండి. ఎత్తు గడ్డిలో, ఎండాకుల్లో టిక్స్ ఉంటాయి, అంటే మన పశువులకు పట్టే పిడుదుల్లాంటివి. ఇంటికి రాగానే స్నానం చేయించేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, జుట్టు అంచున చూడండి. కనిపిస్తే నూనె, వేడి చెంచా లాంటి చిట్కాలు వద్దు. సన్నటి మొన ఉన్న ట్వీజర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగండి. తీసిన తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. వారాల తర్వాత అక్కడ ఎర్రటి వలయం (లైమ్ అనే జబ్బు గుర్తు) కనిపిస్తే డాక్టరు అడిగేది అదే.