మడమ రక్తపు చుక్క కోసం

మా పాపకు ఎడమ చెవి వినబడటం లేదని మొదట పసిగట్టింది మా అమ్మ, అదీ గుంటూరు నుంచి వీడియో కాల్‌లో. "ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటుందేమే?" అంది. ఇక్కడ కాలిఫోర్నియాలో పుట్టగానే చేసిన వినికిడి పరీక్ష పాసైందిగా అని కొట్టిపారేశాను. నెల తర్వాత ఆడియాలజిస్టు గ్రాఫు చూపిస్తే నోట మాట రాలేదు. అప్పటికి పాపకు 22 నెలలు.

జీన్ టెస్టులో ఏమీ లేదు. ఎంఆర్ఐలో చెవి నిర్మాణం బాగానే ఉంది. అప్పుడు ఈఎన్‌టీ డాక్టరు సైటోమెగలోవైరస్, అదే సీఎంవీ మాట ఎత్తారు. కడుపులో ఉండగా సోకితే కొందరికి పుట్టిన నెలలకో ఏళ్లకో వినికిడి తగ్గుతుందట. సరే, టెస్ట్ చేయండన్నాను. ఇప్పుడు చేసి లాభం లేదన్నారు. పుట్టిన 21 రోజుల్లోపు మూత్రంలోనో ఉమ్మిలోనో దొరికితేనే కడుపులో వచ్చినట్టు. ఆ తర్వాతైతే డేకేర్‌లో అంటుకుందో, నా పాలతో వచ్చిందో తేలదు.

మిగిలింది ఒకటే దారి. థైరాయిడ్ లాంటి జబ్బుల స్క్రీనింగ్ కోసం పుట్టిన ఒకటి రెండు రోజులకు మడమ మీద పొడిచి, ఫిల్టర్ పేపర్‌కి అద్దే రక్తపు చుక్కలు. ఈ రాష్ట్రంలో ఆ కార్డుల్ని పారేయరు. తల్లిదండ్రులు రాసిస్తే ల్యాబ్‌కి పంపుతారు, అక్కడ చుక్కలోంచి చిన్న బిళ్లలు కత్తిరించి, వైరస్ ఉందో లేదో పీసీఆర్ చేసి చూస్తారు.

ఫారం దగ్గర తప్పు నాదే. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. కార్డు మీద పాప పేరు లేదు, 'బేబీ గర్ల్' పక్కన నా ఇంటిపేరు. నేనేమో మావారి ఇంటిపేరుతో పాప పేరు రాసి పంపాను. దొరకలేదని తిరిగొచ్చింది. డిశ్చార్జి కాగితాలు వెతికి మళ్లీ పంపేసరికి మూడు వారాలు పోయాయి.

ఈలోగా డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పారు: నెగెటివ్ వస్తే లేదని అనుకోవద్దు. ఎండిన చుక్కలో వైరస్ తక్కువ ఉంటుంది. 2010లో వచ్చిన పెద్ద అమెరికా అధ్యయనంలో సీఎంవీతో పుట్టినవాళ్లలో ఈ పద్ధతికి దొరికింది మూడో వంతు పిల్లలే. తర్వాత మినెసోటాలో మెరుగైన పద్ధతులతో నాలుగింట మూడొంతుల దాకా దొరికారు. 2023 నుంచి ఆ రాష్ట్రంలో ప్రతి శిశువుకూ ఆ చుక్కలోనే చూస్తున్నారు.

మాకు పాజిటివ్ వచ్చింది. వైరస్‌కి ఇచ్చే మందు వీలైతే మొదటి నెలలోనే మొదలుపెట్టాలి, ఆ గడువు ఎప్పుడో దాటింది. కాకపోతే కుడి చెవీ తగ్గొచ్చని తెలిసింది గనక మూడు నెలలకోసారి పరీక్ష చేస్తున్నారు, కళ్లూ చూస్తున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లకు ప్రతిసారీ ఎందుకో చెప్పుకునే బాధ తప్పింది.

"ఇంట్లో ఇంకో చిన్నపిల్లాడు ఉన్నాడా?" అని డాక్టరు అడిగారు. పసివాళ్ల ఉమ్మిలో ఈ వైరస్ నెలల తరబడి ఉంటుందట. కడుపుతో ఉన్నప్పుడు మా పెద్దాడు వదిలేసిన పెరుగన్నం రోజూ నేనే తినేదాన్ని, పారేయబుద్ధికాక. అదే కారణమని చెప్పలేమన్నారు. ఒంట్లో ఉన్న పాత వైరస్ మళ్లీ లేచి కూడా బిడ్డకు చేరొచ్చట. అయినా ఆ గిన్నె కళ్లముందు నుంచి పోదు.

అమ్మకు చెబితే "పిల్లల ఎంగిలి కూడా ఎంగిలేనా?" అంది. మొన్న ఐదో నెల నడుస్తున్న మా చెల్లెలు ఫోన్ చేస్తే, పుట్టాక వినికిడి పరీక్షలో తేడా వస్తే మూడు వారాల్లోపే మూత్రం టెస్ట్ అడగమని చెబుతున్నాను. వెనక నుంచి అమ్మ గొంతు: "ముందు మీ పిల్లాడి చెంచా నీ నోట్లోంచి తియ్యవే!"