మూత కొయ్యదు, మడత విప్పుతుంది: సేఫ్టీ టిన్ ఓపెనర్ సంగతి

మామిడి గుజ్జు డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని పై అంచును వేలితో తడిమి చూడండి. గట్టులా లేచి ఉన్న ఆ అంచు ఒంటి రేకు కాదు. మూత రేకు మూడు పొరలు, గోడ రేకు రెండు పొరలు, మొత్తం ఐదు. రెండు రేకుల చివర్లూ కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకుని చదునుగా అణిగి ఉంటాయి. గాలి చొరబడకుండా ఆ మడతలో రబ్బరులాంటి పూత కూడా ఉంటుంది. మామూలు ఓపెనర్ ఈ మడత జోలికి పోదు. లోపలి పక్కన మూతను పొడిచి, చుట్టూ కోసుకుంటూ పోతుంది. సేఫ్టీ ఓపెనర్ మాత్రం ఆ మడతనే బయటి పక్క నుంచి కోస్తుంది. దాని మంచీ చెడ్డా అన్నీ ఈ ఒక్క తేడాలోంచే వస్తాయి.

చూడ్డానికి రెండూ ఒకేలా ఉండటంతో చాలామంది కొత్తదాన్ని కూడా పాతదానిలాగే నిలువుగా పట్టుకుని, పళ్లు అంచుకు దొరక్క, పనికిరాని సరుకని అటక మీద పడేస్తారు. గుర్తు తేలికే. పాత ఓపెనర్ డబ్బా పక్కన నిలబడుతుంది, తిప్పే పిడి పక్కకు ఉంటుంది. సేఫ్టీ ఓపెనర్ డబ్బా మీద పడుకుంటుంది, తిప్పే పిడి ఇంటి కప్పు వైపు చూస్తుంది. లోపల రెండు చక్రాలుంటాయి. పళ్ల చక్రం అంచుకు లోపలి పక్కన కూర్చుని డబ్బాను తిప్పుతుంది, పళ్లు లేని పల్చటి కోత చక్రం బయటి పక్కన నిలిచి మడతలోని బయటి పొరను చీలుస్తుంది.

మొదలుపెట్టేచోటే సగం పని ఉంది. ముందు మూత, అంచు తడిబట్టతో తుడవండి. పెద్ద పండ్ల డబ్బాల గోడకు పైనుంచి కిందికి సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. ఆ చోట రేకు కాస్త మందం, చక్రం అక్కడ ఎగిరి దాటేస్తుంది, లేదా మొరాయిస్తుంది. అందుకే గీత దాటిన తర్వాత ఒక అంగుళం దూరంలో మొదలుపెట్టండి. చుట్టు పూర్తి కావస్తుండగా అతుకు ఎదురైతే, ఇంకో అంగుళంలో పని అయిపోయినట్టే లెక్క. వేరే గుర్తు పెట్టుకోనక్కర్లేదు. అతుకు లేని డబ్బా అయితే మార్కర్‌తో ఒక చుక్క చాలు. ఓపెనర్‌ను అంచు మీద చదునుగా ఆనించి, పిడిని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. మొదటి తిప్పులో చక్రం రేకులోకి దిగినట్టు చేతికి తెలుస్తుంది. అది తెలియకపోతే ఆగి, తీసి మళ్లీ పెట్టాలి. దిగని చక్రాన్ని తిప్పుకుంటూ పోతే అంచు మీద గీత పడుతుందే తప్ప కోత పడదు.

850 గ్రాముల గుజ్జు డబ్బా అడ్డం 4 అంగుళాల పైచిలుకు, అంటే చుట్టుకొలత దాదాపు 32 సెంటీమీటర్లు. ఒక్క చుట్టే తిప్పాలి. మూత ఊడలేదు కదా అని ఇంకో చుట్టు వేయడం దగ్గరే చాలామంది పని చెడగొట్టుకుంటారు. కోత పూర్తయినా మూత దానంతటది లేవదు, మడతలోని రబ్బరు పూత పట్టుకునే ఉంటుంది. ఓపెనర్ పక్కన చిలక ముక్కులా ఉండే చిన్న పట్టుకారు ఇందుకే. దాంతో మూత అంచును పట్టి, చేతిని కాస్త మెలితిప్పితే టప్పున ఊడొస్తుంది. రెండో చుట్టు తిప్పితే చక్రం అదే గాడిలో పడదు, ఒక వెంట్రుక పైనో కిందో పడుతుంది. రెండు కోతల మధ్య రేకు సన్నటి రజనుగానో, వంకర తీగగానో లేస్తుంది. ‘సేఫ్టీ ఓపెనర్ కూరలో ఇనుము రాల్చింది’ అనే ఫిర్యాదుల వెనుక ఎక్కువగా ఉండేది ఈ రెండో చుట్టే. ఒకచోట నిజంగానే కోత పడకపోతే అక్కడ మాత్రమే మళ్లీ తిప్పి, మూత ఎత్తకముందే అంచును తడిబట్టతో తుడవాలి.

ఇక లాభాలు. మూత లోపలికి మునగదు, కాబట్టి చక్కెర పాకంలోంచి కత్తిలాంటి రేకును చెంచాతో వెతికి తీసే పని లేదు. కోత చక్రం తిండికి తగలదు. మామూలు ఓపెనర్ చక్రం మీద నిన్నటి పాలగడ్డ, మొన్నటి గుజ్జు పేరుకుని, రేపటి డబ్బాలోకి దిగుతాయి. ఇక్కడ ఆ బెడద లేదు. డబ్బా మీద మిగిలేది గోడ రేకు మడత కాబట్టి నోరు నున్నగా ఉంటుంది, వేలు తెగదు. బియ్యం కొలతకో, నారు పోయడానికో డబ్బా దాచుకునే ఇళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది. అయితే ‘సేఫ్టీ’ అన్న మాటను పూర్తిగా నమ్మకండి. మొదలుపెట్టిన చోట, ఆపిన చోట చిన్న ముల్లులాంటి కొస మిగలొచ్చు. పిల్లలకిచ్చే ముందు వేలితో కాదు, పాత గుడ్డతో ఒకసారి చుట్టూ రాసి చూడండి. దారం చిక్కుకుంటే అక్కడ కొస ఉన్నట్టు.

నష్టాల్లో రోజూ విసిగించేది నీళ్లు వంపడం. మామూలు ఓపెనర్‌తో మూతను ముప్పావు వంతు కోసి, శనగలనో పైనాపిల్ ముక్కలనో ఆ మూతతోనే అదిమిపట్టి నీళ్లు వంపేయొచ్చు. సేఫ్టీ ఓపెనర్ మూత నోటికన్నా వెడల్పు, లోపలికి దిగదు. జల్లెడో చిల్లుల గిన్నో కడగక తప్పదు. టీ కొట్టువాళ్లు పాల డబ్బా మూతకు ఎదురెదురుగా రెండు చిల్లులు పొడిచి ధారగా పోస్తారు చూశారా, ఆ పని దీంతో అస్సలు కాదు. ఇది మొత్తం తెరుస్తుంది, లేదంటే ఊరుకుంటుంది.

రెండో నష్టం చాలామందికి తట్టనిది. డబ్బా నోటికి బలమిచ్చేదే ఆ ఐదు పొరల మడత. అది పోయాక నోరు మెత్తబడుతుంది. అంచుదాకా నిండిన డబ్బాను పైభాగంలో పట్టుకుని ఎత్తితే గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వంగి, గుజ్జు చొక్కా మీదికి ఎగురుతుంది. కింద సగంలో పట్టుకోవాలి. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు కొనే 3.1 కిలోల పెద్ద డబ్బా విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తెరిచాక మోసుకుపోకుండా, గిన్నె పక్కనే పెట్టి తెరిచి, పైన నాలుగైదు గరిటెలు తోడాకే వంచండి. వంటవాళ్లు ఇలాంటి డబ్బాలకు పాత రకం ఓపెనరే వాడటం చాదస్తం కాదు, నోరు గట్టిగా ఉంటుందనే.

కొన్ని డబ్బాలకు ఇది పనికిరాదు. మూలలున్న చేపల డబ్బాల దగ్గర చక్రం మూల తిరగలేదు. నూనె వచ్చే 15 కిలోల డబ్బా సంగతి చెప్పక్కర్లేదు. పాలపొడి డబ్బాల్లాంటి నొక్కుడు మూతకు చెంచా కాడ చాలు. కింద అంచు లేకుండా గుండ్రంగా వంగి ఉండే డబ్బాను తిరగేసి అడుగు తెరవలేరు. లాగే రింగు ఊడిపోయిన డబ్బాల్లో కొన్ని లొంగుతాయి, కొన్ని లొంగవు. అంచుకు సొట్ట పడితే చక్రం అక్కడ జారుతుంది. చిన్న సొట్టయితే దాటించొచ్చు గానీ, మడత మీదే లోతుగా పడిన సొట్టకూ, ఉబ్బిన డబ్బాకూ ఏ ఓపెనరూ వద్దు. వాటి చోటు చెత్తబుట్టే.

ఊడిన మూతను తిరిగి పెడితే చక్కగా కూర్చుంటుంది. అదే మోసం. గాలి ఆడకుండా పట్టి ఉంచే మడత పోయింది, ఇప్పుడది ఉత్త బోర్లించిన పళ్లెం. చీమ పట్టకుండా అరగంట కాస్తుంది, అంతే. పైనాపిల్, మామిడి గుజ్జు లాంటి పులుపున్నవి లోపల పూత లేని డబ్బాలో తెరిచి ఉంచితే, గాలి తగిలి తగరం తిండిలోకి దిగడం పెరుగుతుంది. మిగిలింది వెంటనే గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఇద్దరే ఉండే ఇంట్లో 850 గ్రాముల డబ్బా ఒక పూటలో అయ్యేది కాదు కాబట్టి, సగం ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించడం తెలివైన పని.

ఒక పక్కమాట. ఇంగ్లండులో పీటర్ డురాండ్ డబ్బా నిల్వకు పేటెంటు తీసుకున్నది 1810లో. అమెరికాలో ఎజ్రా వార్నర్ ఓపెనర్‌కు పేటెంటు తీసుకున్నది 1858లో. తొలినాళ్లలో ఉలీ సుత్తే గతి. డబ్బా ముందు పుట్టి, తెరిచే దారి అర్ధ శతాబ్దం తర్వాత దొరకడం వింతే. చక్రం తిరిగే ఓపెనర్ 1870లో విలియం లైమన్ తెచ్చాడు.

కొనేటప్పుడు రంగు కాదు, తిప్పే పిడి పొడవు చూడండి. పొట్టి పిడికి మణికట్టు బలం ఎక్కువ కావాలి, కీళ్లనొప్పులున్నవాళ్లు రెండు తిప్పులకే వదిలేస్తారు. వాళ్లకు బ్యాటరీ రకం మేలు, చాలావరకు అవి కూడా పక్కనుంచి కోసేవే. బ్యాటరీ నీరసించినప్పుడు మాత్రం అంచును పట్టుకుని సగం దారిలో ఆగిపోతాయి. ఎడమచేతివాళ్లకు దాదాపు అన్నీ ఇబ్బందే, ఓపెనర్‌ను పట్టుకునే చెయ్యి మార్చుకోక తప్పదు. కోత చక్రం తిండికి తగలదు కదా అని కడగడం మానకండి, రబ్బరు పూత ముక్కలు పళ్లలో ఇరుక్కుంటే చక్రం జారుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బట్టతో తుడిచి, ఆరబెట్టండి. నీళ్లలో నానబెడితే ఇరుసు తుప్పు పడుతుంది. వంటనూనె వేయొద్దు, నెల తిరిగేసరికి అది జిగురవుతుంది. చక్రం మొద్దుబారితే ఇంట్లో సానపెట్టడం కుదిరే పని కాదు, కొత్తది కొనాల్సిందే. పాత రకం ఓపెనర్ మాత్రం పారేయకండి. చిన్న సొట్ట ఉన్న డబ్బాకు, నీళ్లు వంపే డబ్బాకు దాన్నే వెతుక్కుంటారు.