కల్చర్ రిపోర్టు వచ్చేదాకా

ఏడాదిలో నాలుగోసారి యూరిన్‌లో మంట మొదలైనప్పుడు కూడా నేను వెళ్లింది మలక్‌పేటలో మా గల్లీ చివరి మెడికల్ షాపుకే. "అదే గోలీ ఇయ్యాల్నా అక్కా, ఐదు రోజులది?" అన్నాడు. ఎప్పుడూ మూడో రోజుకే హాయిగా ఉండేది, మిగిలినవి హ్యాండ్‌బ్యాగులో పడి ఉండేవి. ఈసారి మూడో రోజు రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకమన్నాయి. కుడివైపు నడుములో ఒకటే పోటు.

స్కాన్‌లో కుడి కిడ్నీలో 14 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. "మందు మూత్రంలో ఉన్న బ్యాక్టీరియాని చంపుతుందమ్మా. రాయిలో దాక్కున్నవి మళ్లీ బయటికొస్తాయి" అన్నారు యూరాలజిస్ట్.

కల్చర్‌కని, అంటే యూరిన్‌లో ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే టెస్టుకని, ఇంట్లోనే శాంపిల్ పట్టి తీసుకెళ్లాను. చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో అది రెండు గంటలు ఎండలో ఉడికింది. ల్యాబ్ అమ్మాయి మూత కూడా తీయకుండా వెనక్కిచ్చేసింది. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టమంది. అది ఇచ్చాకే మొదటి ఇంజెక్షన్ పడింది.

మూడో రోజుకి రిపోర్టు. ఈ.కోలి అనే బ్యాక్టీరియా, లక్షకు పైగా కాలనీలు, ఈఎస్‌బీఎల్ రకం, అంటే చాలా యాంటీబయాటిక్స్‌ని పనిచేయకుండా చేసేది. మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్', అంటే పనిచేయదని. నా ఐదు రోజుల గోలీ పేరు పైనుంచి రెండోది! ఎర్టాపెనెమ్ అనే ఇంజెక్షన్‌కి 'ఎస్' ఉంది, అంటే పనిచేస్తుందని. రోజుకో గ్రాము, అరగంట సెలైన్‌లో, 14 రోజులు. నాలుగో రోజు కాన్యులా దగ్గర చెయ్యి బూరెలా ఉబ్బితే సిస్టర్ రెండో చేతికి మార్చింది. చపాతీ పిండి కలిపే పని మా ఆయన మీద పడింది. ఆ చపాతీల గురించి మాట్లాడకపోవడమే మంచిది.

ఆ కోర్సు మధ్యలోనే రాయి తీసి, కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా స్టెంట్ అనే సన్నటి గొట్టం వేశారు. నిజం చెప్పాలంటే అన్నిటికంటే ఏడిపించింది ఆ స్టెంటే. బాత్‌రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ నడుములోకి గుంజేది. మూడు వారాలకి తీశారు.

తర్వాత, ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా, ఆరు నెలల పాటు రోజూ రాత్రి అన్నం తిన్నాక నైట్రోఫ్యూరాంటోయిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు. ఇది మూత్రాశయం వరకే పనిచేస్తుంది, కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కి పనికిరాదట. మొదటి వారం యూరిన్ టీ డికాక్షన్ రంగులో వస్తే హడలిపోయాను, మందు వల్లేనన్నారు. మధ్యమధ్యలో లివర్ టెస్ట్ చేయించుకోవాలి, పొడిదగ్గో ఆయాసమో వస్తే వెంటనే చెప్పాలి.

ఇప్పుడు ఐదో నెల. నిన్న కొంచెం మంటగా అనిపించి షాపుకెళ్లాను. నన్ను చూడగానే అతను పాత స్ట్రిప్ కోసం చెయ్యి చాపాడు. శాంపిల్ డబ్బా ఒక్కటి ఇమ్మన్నాను.