నలభై ఫొటోలు పంపితే ఇరవయ్యే చేరాయి: పీహెచ్‌పీలో నా అనుభవం

మా ఊరి గ్రంథాలయం కోసం పాత ఫొటోలు సేకరించే పేజీని పీహెచ్‌పీలో, అంటే సర్వర్‌లో నడిచే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో, రాశాను. ఒక్క ఫైలు తీసుకోవడం తేలికే. పనంతా ఒకేసారి చాలా ఫైళ్లు తీసుకోవడంలో ఉంది.

ఫైళ్లు పంపడానికి ఫారంలో మల్టీపార్ట్ ఎన్‌టైప్ పెట్టి, ఒకటి కంటే ఎక్కువ ఎంచుకునేలా ఇన్‌పుట్‌కి మల్టిపుల్ చేర్చి, దాని పేరు చివర చదరపు బ్రాకెట్లు పెట్టాలి. బ్రాకెట్లు లేకపోతే చివరి ఫైలొక్కటే మిగులుతుంది. ఇక ఫైల్స్ అర్రేను (వచ్చిన ఫైళ్ల వివరాలు పీహెచ్‌పీ ఉంచే జాబితాను) ప్రింట్ చేసి చూస్తే, పెళ్లి చదివింపుల్లో పేర్లు ఒక పుస్తకంలో, డబ్బు లెక్క ఇంకో పుస్తకంలో రాసినట్టు ఉంటుంది. పేర్లన్నీ ఒకచోట, సైజులన్నీ ఒకచోట, ఎర్రర్ నంబర్లన్నీ మరోచోట. వాటిని ఫైలువారీగా మార్చే చిన్న ఫంక్షన్ ముందు రాసుకున్నాను. అది చేశాక మిగతా కోడ్ హాయిగా సాగింది.

తర్వాత ఒక పెద్దాయన నలభై ఫొటోలు పంపారు. ఇరవయ్యే చేరాయి. పేజీలో ఎర్రర్ ఏమీ లేదు. ఒకసారికి ఎన్ని ఫైళ్లు తీసుకోవాలో చెప్పే మాక్స్ ఫైల్ అప్‌లోడ్స్ అనే సెట్టింగ్ మామూలుగా 20 ఉంటుంది, దాటినవి సర్వర్ లాగ్‌లో ఒక వార్నింగ్‌తో సరి. ఒకసారి పంపే మొత్తం డేటాకి హద్దు పెట్టే పోస్ట్ మాక్స్ సైజ్ ఇంకా ఘోరం: మామూలుగా ఉండే 8 ఎంబీ దాటితే పోస్ట్ (ఫారంలో నింపినవి ఉండే అర్రే), ఫైల్స్ రెండూ ఖాళీగా వస్తాయి, అసలెవరూ ఏమీ పంపనట్టే. ఒక్కో ఫైలుకున్న 2 ఎంబీ హద్దే నయం, దాటిన ఫైలుకి ఎర్రర్ 1 అని చెబుతుంది. వీటిని స్క్రిప్టులో ఐఎన్‌ఐ సెట్ అనే ఫంక్షన్‌తో పెంచలేం, స్క్రిప్టు మొదలయ్యేసరికే అప్‌లోడ్ ముగిసి ఉంటుంది. పీహెచ్‌పీ ఐఎన్‌ఐ లాంటి సెట్టింగుల ఫైల్లో మార్చాలి. పీహెచ్‌పీకి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే, దానికి మామూలుగా ఉండే 1 ఎంబీ హద్దు కూడా చూసుకోవాలి.

హద్దులు పెంచి ఊరుకోవడం నాకు చాలదనిపించింది. అవి ఒక్క కాపీ మాత్రమే ఉన్న ఫొటోలు. అన్నీ చేరాయనుకుని ఆ ఇంటివాళ్లు ఫోన్లోంచి తీసేస్తే? అందుకని ఎన్ని ఎంచుకున్నారో జావాస్క్రిప్ట్‌తో లెక్కపెట్టి, ఆ సంఖ్యను దాచిన ఫీల్డులో పంపిస్తున్నాను. సర్వర్ వచ్చినవాటితో పోల్చి చూస్తుంది. పోస్ట్, ఫైల్స్ రెండూ ఖాళీగా వచ్చి కంటెంట్ లెంగ్త్ (బ్రౌజర్ చెప్పే, పంపిన డేటా మొత్తం సైజు) మాత్రం పెద్దదిగా ఉంటే, సైజు దాటిందని వెంటనే చెబుతుంది.

ఫైళ్ల పేర్లూ జాగ్రత్తగా చూడాల్సినవే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప అన్నీ తుడిచేసే కోడ్ వాడితే ‘నాన్నగారు 1974’లో 1974 ఒక్కటే మిగులుతుంది. అందుకే డిస్కు మీద యాదృచ్ఛికమైన పేరు పెట్టి, వాళ్లు పెట్టిన పేరును డేటాబేస్‌లో ఉన్నదున్నట్టు దాస్తున్నాను. ఇప్పుడు పంపగానే ప్రతి ఫొటో పేరు పక్కన ‘చేరింది’ అనో, ‘చేరలేదు, సైజు ఎక్కువ’ అనో తెలుగులో కనిపిస్తుంది.