ఒకే గాలి పీల్చిన ఇద్దరిలో ఒకరికే జబ్బు ఎందుకు?

ఒకే కార్ఖానాలో పక్కపక్కనే పనిచేసిన ఇద్దరిలో ఒకరి ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, రెండోవారికి ఏమీ కాకపోవడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు, బెరీలియం అనే తేలికపాటి లోహం గురించి చదివిన తర్వాతే నాకు తృప్తికరమైన జవాబు దొరికింది.

అమెరికాలోని సేలం పట్టణంలో ట్యూబ్‌లైట్లు తయారుచేసే కార్మికులకు వచ్చిన ఈ బెరీలియం జబ్బును 1946లో హారియెట్ హార్డీ, ఇర్వింగ్ టాబర్‌షా వివరించారు. ఆ రోజుల్లో గాజుగొట్టం లోపల పూసే పొడిలో బెరీలియం ఉండేది. దగ్గు, ఆయాసం, మనిషి చిక్కిపోవడం చూసి మొదట్లో సార్కాయిడోసిస్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టే మరో జబ్బు) అనుకున్నారు. నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి వేరే ఉంది: కార్ఖానా గడప తొక్కకపోయినా, ఇంటివాళ్ల పనిబట్టలు దులిపి ఉతికిన స్త్రీలకు కూడా ఈ జబ్బు వచ్చింది.

మన కణాల పైన ఉండే హెచ్‌ఎల్‌ఏ-డీపీ ప్రోటీన్లు చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలను పట్టుకొని, రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ-కణాలకు చూపిస్తాయి. వాటిలోని ఒక అమైనో ఆమ్లాల గొలుసులో 69వ స్థానంలో కొందరికి లైసిన్, మరికొందరికి రుణావేశం గల గ్లుటామిక్ ఆమ్లం ఉంటుంది. ఈ రెండో రకం గొలుసునిచ్చే జన్యువు, జబ్బుపడ్డవారిలో 97 శాతం మందిలోనూ, బెరీలియం తగిలినా జబ్బు రానివారిలో సుమారు 30 శాతం మందిలోనూ ఉందని 1993లో వెల్లడైంది. ధనావేశం గల బెరీలియం అయాను ఆ ప్రోటీన్ గాడి లోపలికి దూరి కూర్చుంటుంది. టీ-కణం దాన్ని నేరుగా తాకకపోయినా, దానివల్ల పైభాగంలో వచ్చిన స్వల్పమైన మార్పునే పరాయిదిగా గుర్తించి, విపరీతంగా వృద్ధి చెంది, తోటి కణాలను పోగుచేసి గ్రాన్యులోమాలనే గడ్డలు కట్టిస్తుంది. కాలక్రమంలో అక్కడ మచ్చకట్టి ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది.

అలాగని జన్యుపరీక్ష చేసి కార్మికులను ఏరివేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ జన్యువు ఉన్నవారిలో చాలామందికి జబ్బు రాదు, లేనివారికి పూర్తి భద్రతా లేదు. సరిచేయవలసింది గాలిని. 1949 నుంచి అమెరికాలో ఘనమీటరు గాలికి 2 మైక్రోగ్రాముల బెరీలియంగా ఉన్న పరిమితిని 2017లో 0.2కు తగ్గించారు.

రక్తంలోని లింఫోసైట్లను (టీ-కణాలు కూడా ఉండే తెల్లరక్తకణాలను) బెరీలియం లవణంతో కలిపి, అవి వృద్ధి చెందుతాయో లేదో చూసే పరీక్ష ఒకటి ఉంది. అయితే గ్రాన్యులోమా కనిపించగానే క్షయ అనుకోవడం సహజమైన మన దేశంలో, ఆ పరీక్ష తలపుకు రావాలంటే ముందు రోగి వృత్తిని ఆరా తీయాలి. ఇప్పటి పనితో ఆగకుండా పాతికేళ్ల కిందట చేసిన పనిని, ఇంట్లోవాళ్లు చేసిన పనిని కూడా అడగాలి. ఈ జబ్బు బయటపడటానికి ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది.