అడిగి పట్టుకునే రొట్టె

నెల్లూరు దర్గామిట్టలో బారాషహీద్ దర్గాను ఆనుకుని స్వర్ణాల చెరువు ఉంది. ఏటా మొహర్రం నెలలో జనం ఆ నీళ్లలోకి దిగి రొట్టెలు మార్చుకుంటారు. అదే రొట్టెల పండుగ. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు వదులుతారు, అంటే ఇంకొకరి చేతికి ఇస్తారు. 'బారా' అంటే పన్నెండు. అక్కడున్నవి పన్నెండుమంది అమరవీరుల సమాధులు. చెరువు గట్టున నిద్రపోయిన రజక దంపతులకు ఆ వీరులు కలలో కనిపించారని, సమాధుల దగ్గరి మట్టి నుదుట పూస్తే ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమైందని, నవాబు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి రొట్టె పంచుకున్నాడని స్థలపురాణం చెబుతుంది.

కథ సరే, ఈ ఆచారం అమరిక చూడండి. పట్టుకోవలసిన రొట్టె దర్గాలో ఇవ్వరు, పూజారో, దర్గా చూసుకునే ముజావరో చేతిలో పెట్టరు. అంతకుముందు అదే కోరిక కోరి, అది తీరి వచ్చిన మనిషిని వెతుక్కుని అడగాలి. ఆ మనిషి ఎవరైనా కావచ్చు. బుర్ఖా వేసుకున్న తల్లి నడుం లోతు నీళ్లలో నిలబడి "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని పిలుస్తుంటే, నుదుట బొట్టున్న కోడలు కొంగు తలమీదికి లాక్కుని రెండు చేతులూ చాస్తుంది. ఏ కులం, ఏ మతం అన్న ప్రశ్న ఇద్దరి నోటా రాదు.

మన మధ్య గోడలు ఎక్కువగా లేచింది తిండి దగ్గరే. ఎవరి చేతి నీళ్లు తాగొచ్చు, ఎవరి వంట ముట్టొచ్చు అన్న లెక్కలతో తరాలు గడిచాయి. పక్కింటి పెళ్లికి వెళ్లి అక్షతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేసిన వాళ్లున్నారు. "అన్నం న నింద్యాత్, తద్ వ్రతమ్" అంటుంది తైత్తిరీయోపనిషత్తు. అన్నాన్ని నిందించకపోవడం వ్రతమట. అన్నాన్ని నిందించనివాడు అది వండిన చేతిని మాత్రం ఎలా నిందిస్తాడు? స్వర్ణాల చెరువులో ఆ వ్రతం కళ్లెదుట జరుగుతుంది.

వెళ్లేవారు ముందు తేదీ చూసుకోవాలి. ఇస్లామీ సంవత్సరానికి దాదాపు 354 రోజులు, మనలా అధికమాసం ఉండదు. అందుకని పండుగ ఏటా అంతకుముందు ఏడాదికన్నా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. చెరువులో నీటిమట్టం కూడా కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి అడుగు చూసి దిగండి.

వదిలేవాళ్లు రొట్టెలు ఇంట్లో చేసుకెళ్లడమే మేలు. గోధుమపిండి గట్టిగా కలిపి, నూనె తక్కువ వేసి కాల్చి, బాగా చల్లారాక గుడ్డలో చుట్టండి. వేడిమీద మూత పెడితే చెమ్మ పట్టి, చేరేసరికి బూజు వాసన వస్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి, ఆరోగ్యం, సొంతిల్లు... ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. పట్టుకునేవాళ్లైతే తల కప్పుకుని నీళ్లలో దిగి, ఏ రొట్టె కావాలో పేరు చెప్పి అడగండి. పట్టుకున్నది అక్కడే కొంచెం తినండి. ఆశపడి గుప్పెడు రొట్టెలు పోగేసుకుని, తినలేక నీళ్లలో పడేయడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు. చెరువూ పాడవుతుంది, ఇచ్చినవాళ్ల మొక్కూ చిన్నబోతుంది.

ఇంకొక్క మాట. మొహర్రం పదో రోజు అషూరా. ఇస్లామీ శకం హిజ్రీ 61లో కర్బలాలో ప్రవక్త ముహమ్మద్ మనవడు ఇమాం హుస్సేన్ ప్రాణాలర్పించిన రోజు. ముస్లింలలో ఒక శాఖ అయిన షియాలకు అది దుఃఖదినం. ఆనాడు ముస్లిం మిత్రులకు పండుగ శుభాకాంక్షలు పంపకండి. అలాగే దర్గా ఆచారాలను ఒప్పుకోని ముస్లింలూ ఉన్నారు. "మీ పండుగే కదా, రాలేదేం?" అని వారిని నిలదీయడం మర్యాద కాదు.

కోరిక తీరితే మళ్లీ మొహర్రానికి అదే పేరు రొట్టె చేసుకుని రావాలి. నిరుడు చేతులు చాచిన కోడలు ఈసారి నీళ్లలో నిలబడి, కొంగు తలమీద సర్దుకుంటూ, ఎవరికోసమో "సంతాన రొట్టె" అని గొంతెత్తి పిలుస్తుంది.